తమ్ముడి పాత కేసు, లాటిన్ పేరున్న రిట్టు

ప్రశ్న: మా తమ్ముడు 2010లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాడు. ఇప్పుడు మేరీల్యాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2013లో ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర 120 డాలర్ల రైస్ కుక్కర్ స్కాన్ చేయకుండా తెచ్చేశాడని దొంగతనం కేసు పెట్టారు. మర్చిపోయానని వాడు మొత్తుకున్నాడు. అప్పటి లాయరు మాత్రం "గిల్టీ అని ఒప్పేసుకో, ఫైన్ కట్టి ఇంటికెళ్ళిపోవచ్చు, వీసాకేం కాదు" అంటే సరేనన్నాడు. ఫైనూ, ఏడాది ప్రొబేషనూ వేశారు. 1,000 డాలర్ల లోపు దొంగతనం అని కోర్టు కాగితంలో ఉంది. ఇప్పుడు గ్రీన్ కార్డుకు ఆ కేసు అడ్డమొచ్చింది. కొత్త లాయరు 'కోరమ్ నోబిస్' అనే రిట్టు వేద్దామంటున్నారు. నెట్‌లో చూస్తే అది ఇంగ్లండ్‌లో ఎప్పుడో పోయిన పాత రిట్టు అని ఉంది. డబ్బు గుంజడానికి చెబుతున్నారా? ఇన్నేళ్ళ తర్వాత వాడు దొంగ కాదంటే ఏ జడ్జి వింటాడు? నాన్నగారి స్నేహితుడొకరు ఇక్కడి హైకోర్టులోనే రిట్టు వేయొచ్చంటున్నారు. డిసెంబరులో మా అమ్మాయి పెళ్ళి. మేనమామ లేకుండా ఎలా? వాడు రావచ్చా?
— ఒక అక్క, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ అనుమానం సంగతి. కోరమ్ నోబిస్ నిజంగా ఉన్న రిట్టే. మేరీల్యాండ్ కోర్టుల్లో ఇవాళ్టికీ వేస్తున్నారు, గెలిచినవాళ్ళూ ఉన్నారు. ఆ పేరు చెప్పినంత మాత్రాన కొత్త లాయరుగారిని అనుమానించనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో అది పోయిందన్నదీ నిజమే.

అయితే ఒక్కచోట మీరూ మీ తమ్ముడూ పొరబడుతున్నారు. "వాడు దొంగ కాదంటే ఎవరు వింటారు" అని రాశారు. ఈ రిట్టు ఆ ప్రశ్న జోలికే వెళ్ళదు. కుక్కర్ మర్చిపోయి తెచ్చాడా, కావాలని తెచ్చాడా అన్నది పక్కన పెట్టేస్తుంది. 2013లో అతని ఒప్పుకోలు తీసుకున్న రోజున, జడ్జికి తెలియకుండా ఏదైనా పెద్ద లోపం జరిగిందా అని మాత్రమే అడుగుతుంది. ఈ తేడా తెలియకుండా పిటిషన్ వేస్తే మొదటి పేజీలోనే దారి తప్పుతుంది. అందుకని కాస్త పాత చరిత్ర చెప్పక తప్పదు. ఓపికగా చదవండి.

పాత ఇంగ్లండ్‌లో ఇప్పుడు మనకున్నలాంటి అప్పీలు లేదు. కామన్ లా కోర్టులో కేసు నడిస్తే, ఆరోపణ ఏమిటి, అవతలివాడు ఏం జవాబిచ్చాడు, జ్యూరీ ఏం తేల్చింది, తీర్పేమిటి, ఇవన్నీ తోలు చుట్టల మీద లాటిన్‌లో రాసేవారు. అదే రికార్డు. ఎక్కువ భాగం కేసుల్లో సాక్షులు ఏం చెప్పారో అందులో ఉండేది కాదు. తీర్పు తప్పనుకున్నవాడు రిట్లు జారీ చేసే రాజుగారి కార్యాలయం, అంటే ఛాన్సరీ నుంచి 'రిట్ ఆఫ్ ఎర్రర్' తెచ్చుకోవాలి. క్రిమినల్ కేసైతే దానికి అటార్నీ జనరల్ అనుమతి కూడా కావాలి. అప్పుడు పై కోర్టు ఆ రికార్డు తెప్పించుకుని, రాసి ఉన్నదాంట్లో చట్టపరమైన తప్పు కనిపిస్తుందా అని చూస్తుంది. కనిపిస్తే తీర్పు కొట్టేస్తుంది. లేకపోతే, జ్యూరీ ఎంత అన్యాయంగా తేల్చినా చేసేదేమీ లేదు.

ఈ పద్ధతి ఎవరిని కాపాడిందో, ఎవరిని వదిలేసిందో రెండు కేసుల్లో బాగా కనిపిస్తుంది. ఐర్లండ్ నాయకుడు డేనియల్ ఓకానెల్ మీద 1844లో డబ్లిన్‌లో కుట్ర కేసు నడిపి, ఏడాది జైలు, 2,000 పౌండ్ల జుర్మానా వేశారు. ఆయన రిట్ ఆఫ్ ఎర్రర్ మీద లండన్‌లో, అప్పట్లో ఆఖరి కోర్టుగా కూడా పనిచేసిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వెళ్ళాడు. నేరారోపణ పత్రంలో చాలా అభియోగాలున్నాయి. వాటిలో కొన్ని చట్టప్రకారం నిలవవు. అయినా అన్నిటికీ కలిపి ఒకే శిక్ష వేశారు, రికార్డులోనే అలా రాసి ఉంది. 1844 సెప్టెంబరు 4న ముగ్గురు లా లార్డులు ఆయన వైపు, ఇద్దరు వ్యతిరేకంగా తేల్చారు. న్యాయశాస్త్రం చదవని మామూలు లార్డులు కొందరు తామూ ఓటేస్తామని లేచారు గానీ, తోటి సభ్యులు నచ్చజెప్పి ఆపారు. ఓకానెల్ జైలు నుంచి బయటికొచ్చాడు. ఆయన కుట్ర చేశాడా లేదా అన్న చర్చ అక్కడ రానే లేదు.

రెండోది అడాల్ఫ్ బెక్ కేసు. నార్వే నుంచి వచ్చి లండన్‌లో ఉంటున్నవాడు. ఆడవాళ్ళను నమ్మించి నగలు కాజేసిన వేరొకడిని ఇతనే అనుకుని 1896లో ఏడేళ్ళ కఠిన శిక్ష వేశారు. శిక్ష అనుభవించి బయటికొచ్చాక, 1904లో అదే పొరపాటు మళ్ళీ చేసి మళ్ళీ దోషి అన్నారు. శిక్ష ఖరారు కాకముందే అసలు దొంగ దొరికాడు కాబట్టి బతికిపోయాడు. లేకపోతే బెక్‌కు దిక్కేది? రికార్డులో అక్షరం పొల్లుపోలేదు. సాక్షులు మనిషిని పోల్చుకోవడంలో పొరబడ్డారు, ఆ సంగతి రికార్డులో ఉండదు. మిగిలిందల్లా రాజుగారి క్షమాభిక్ష. ఆ కేసు రేపిన ఆగ్రహంతోనే 1907లో క్రిమినల్ అప్పీలు కోర్టు చట్టం వచ్చింది, దాంతో క్రిమినల్ కేసుల్లో రిట్ ఆఫ్ ఎర్రర్ రద్దయింది. సివిల్ కేసుల్లో దానికి అంతకు చాలా ముందే, 1852 నుంచి 1875 మధ్య వచ్చిన చట్టాలతో, తెరపడింది. కోరమ్ నోబిస్ కూడా రిట్ ఆఫ్ ఎర్రర్‌లో ఒక రకమే కాబట్టి, మీరు నెట్‌లో చదివింది ఈ సంగతే అయి ఉంటుంది.

ఇప్పుడు మీ తమ్ముడికి కావలసిన దగ్గరికి వద్దాం. కొన్ని తీర్పుల్లో రికార్డు శుభ్రంగా ఉంటుంది, జడ్జి చట్టం తప్పు చెప్పడు, అయినా తీర్పు నిలబడకూడదు. ఉదాహరణకు, మైనర్ కుర్రవాడి మీద దావా పడింది, గార్డియన్ లేకుండా మామూలు వకీలు ద్వారా హాజరయ్యాడు, ఓడిపోయాడు. అతను మైనర్ అని కోర్టుకు ఎవరూ చెప్పలేదు. లేదా తీర్పు రాకముందే ఒక కక్షిదారు చనిపోయాడు, ఆ కబురు కోర్టుకు చేరలేదు. ఇందులో జడ్జి తప్పేముంది? తెలిసి ఉంటే అలా చేసేవాడే కాదు. కాబట్టి పై కోర్టుకు వెళ్ళి జడ్జిని తప్పుబట్టే పని లేకుండా, తీర్పిచ్చిన కోర్టునే "మీకు అప్పుడు ఈ సంగతి తెలియదు, ఇప్పుడు చూడండి" అని అడిగే రిట్టు ఒకటి పుట్టింది. కింగ్స్ బెంచ్ కోర్టులో రాజే స్వయంగా కూర్చున్నట్టు లెక్క కాబట్టి, రికార్డు "మా ఎదుట" ఉందన్న అర్థంలో దానికి కోరమ్ నోబిస్ అన్న పేరు నిలిచింది.

దీనికి సోదరి లాంటి ఇంకో రిట్టు ఉండేది, ఆడిటా క్వెరెలా అని. పద్నాలుగో శతాబ్దంలో మూడో ఎడ్వర్డ్ కాలం నుంచీ ఉంది. తీర్పు అప్పటికి సరైనదే. ఆ తర్వాత బాకీ తీర్చేసినా, అవతలివాడు పాత తీర్పు పట్టుకుని ఆస్తి జప్తుకు వస్తే దీన్ని వేసేవారు. దీని గురించి చివర్లో ఒక మాట చెబుతాను, మన దేశంలో కూడా పనికొచ్చే మాట.

ఇంగ్లండ్‌లో వాడుక తప్పిన కోరమ్ నోబిస్‌ను అమెరికా వదిలిపెట్టలేదు. పైగా తలుపు కొంచెం వెడల్పు చేసింది. 1954లో మోర్గాన్ అనే వ్యక్తి కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వచ్చింది. 1939లో లాయరు లేకుండానే నేరం ఒప్పుకుని, నాలుగేళ్ళ శిక్ష అనుభవించేశాడు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో వేరే కేసులో ఆ పాత నేరాన్ని చూపించి శిక్ష పెంచారు. జైల్లో ఉన్నవాడికైతే హేబియస్ కార్పస్ లాంటి దారులున్నాయి. శిక్ష అయిపోయి, దాని ఫలితం మాత్రం వెంటాడుతున్నవాడికి ఏముంది? అలాంటివారు కోరమ్ నోబిస్ వేసుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. కోర్టుకు తెలియని వాస్తవం ఒక్కటే కాదు, లాయరు సాయం దక్కకపోవడం లాంటి మూలానికే తగిలే లోపాలు కూడా దీని కిందికి వచ్చాయి. మీ తమ్ముడు ఇప్పుడున్నది సరిగ్గా ఇలాంటి చోటే. ప్రొబేషన్ ఎప్పుడో అయిపోయింది, మచ్చ మాత్రం ఉంది.

ఈ రిట్టుకు ఎంత సత్తువ ఉందో చూడాలంటే ఫ్రెడ్ కోరెమట్సు గురించి తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో పుట్టిన జపాన్ సంతతి అమెరికన్, వెల్డర్. 1942లో జపాన్ మూలాలున్న వాళ్ళందరినీ పశ్చిమ తీరం ఖాళీ చేయించి క్యాంపుల్లో పెడుతుంటే, వెళ్ళనని ఉండిపోయాడు. అరెస్టు చేశారు, దోషి అన్నారు. 1944 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీలు ఔనని, ముగ్గురు కాదని ఆ శిక్షను ఖాయం చేసింది. సైనిక అవసరం ఉందన్న ప్రభుత్వం మాట నమ్మింది. ఆ పైన ఇంకే కోర్టు ఉంది?

దాదాపు 40 ఏళ్ళ తర్వాత చరిత్రకారుడు పీటర్ ఐరన్స్, ఐకో హెర్జిగ్ యోషినాగా అనే పరిశోధకురాలు ప్రభుత్వ ఫైళ్ళలో కొన్ని కాగితాలు పట్టుకున్నారు. తీరం నుంచి జపాన్ ఓడలకు రేడియో సంకేతాలు పంపుతున్నారన్న ఆరోపణ నిజం కాదని ప్రభుత్వ సంస్థలే అప్పట్లో తేల్చాయి. ఆ విషయం సుప్రీంకోర్టుకు చెప్పాలని న్యాయశాఖ లాయర్లు కొందరు పట్టుబట్టినా, చెప్పనివ్వలేదు. పశ్చిమ తీరాన్ని ఖాళీ చేయించిన సైన్యాధికారి జనరల్ డివిట్ నివేదిక మొదటి ప్రతిని మార్చేసి, పాతవి తగలబెట్టించారు. ఒక్క ప్రతి మిగిలిపోయింది, అది ఐకో గారి కంటబడింది. 1983లో కోరెమట్సు తరఫున శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో కోరమ్ నోబిస్ వేశారు. ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తానంటే ఆయన వద్దన్నాడు. నవంబరు 10న జడ్జి మేరిలిన్ హాల్ పటేల్ ఆ శిక్షను కొట్టేశారు. సుప్రీంకోర్టు చెప్పిన చట్టాన్ని తాను మార్చలేనని, కోర్టుకు తప్పుడు వాస్తవాలు చూపించి సాధించిన శిక్షను మాత్రం రద్దు చేయగలనని ఆమె స్పష్టంగా చెప్పారు. ఈ కేసు గురించి ఎప్పుడు చదివినా, మూసేసిన ఫైలు పూర్తిగా మూసినట్టు కాదన్న ధైర్యం వస్తుంది నాకు.

మేరీల్యాండ్ అత్యున్నత కోర్టు 2000 సంవత్సరంలో స్కోక్ కేసులో ఇదే దారి పట్టింది. పాత చిన్న కేసుల వల్ల దేశం నుంచి పంపించేసే ప్రమాదంలో పడిన వ్యక్తికి కోరమ్ నోబిస్ వర్తిస్తుందని చెప్పింది. అప్పట్లో అప్పీలు చేయలేదు కాబట్టి హక్కు వదులుకున్నట్టే అన్న వాదన చెల్లకుండా 2012లో అక్కడి శాసనసభ చట్టం కూడా చేసింది. పిటిషన్ వేయాల్సింది అప్పట్లో తీర్పిచ్చిన కోర్టులోనే. అంతా సవ్యంగా జరిగిందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసే బరువు మీ తమ్ముడిదే.

మరి అతని కేసులో కోర్టుకు తెలియని లోపం ఏది? "వీసాకేం కాదు" అన్న లాయరు మాట. అది ఆషామాషీ సంగతి కాదు. 2010 మార్చి 31న పడియా అనే వ్యక్తి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పౌరుడు కాని క్లయింటుకు నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందా అన్నది చెప్పడం లాయరు బాధ్యత అని తేల్చింది. పడియా హోండురాస్‌లో పుట్టి, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి, 40 ఏళ్ళుగా అక్కడే ఉంటున్నవాడు. ఇన్నేళ్ళుగా ఉంటున్నావు కదా, భయం లేదని ఆయన లాయరు చెప్పాడట. ఈ తీర్పు అంతకుముందే ముగిసిన కేసులకు వర్తించదని 2013లో చైడెజ్ కేసులో అదే కోర్టు అంది. మీ తమ్ముడు ఒప్పుకున్నది 2013లో కాబట్టి అతనికి ఆ అడ్డు లేదు. ఈ తేదీ మీకు చాలా పెద్ద బలం.

ఇక్కడ 1,000 డాలర్ల లోపు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇమిగ్రేషన్ చట్టంలో చిన్న నేరాలు గ్రీన్ కార్డుకు అడ్డు రాకుండా ఒక మినహాయింపు ఉంది. జీవితంలో అలాంటి నేరం అదొక్కటే అయి ఉండాలి. దానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు. వేసిన జైలు శిక్ష ఆరు నెలలు దాటకూడదు. 2013లో మేరీల్యాండ్ చట్టం ప్రకారం 1,000 డాలర్ల లోపు దొంగతనానికి గరిష్ఠంగా 18 నెలలు. 100 డాలర్ల లోపైతే 90 రోజులే. మీవాడు ఒక్క రోజు కూడా జైల్లో ఉండకపోయినా, కాగితం మీద 18 నెలల నేరం ఒప్పుకున్నాడు కాబట్టి మినహాయింపు తప్పిపోయింది. 2017లో రాష్ట్రం ఈ శిక్షలు తగ్గించింది గానీ, ఇమిగ్రేషన్ వాళ్ళు చూసేది అప్పటి చట్టాన్నే. 120 డాలర్ల వస్తువు కేసులో, 100 లోపు అభియోగానికి మార్చమని అప్పటి లాయరు ప్రాసిక్యూటర్‌ని అడిగి ఉండొచ్చు. ఒక్క మెట్టు కిందికి దిగితే చాలు, ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు. అడిగారా, అసలు ఆ ఆలోచనే వచ్చిందా అన్నది కొత్త లాయరు పాత ఫైలు తెప్పించి చూడాలి. పిటిషన్‌కు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. ముందుగా కోర్టు నుంచి సర్టిఫై చేసిన డిస్పొజిషన్ కాపీ, అంటే కేసు ఏ సెక్షన్ కింద ఎలా ముగిసిందో చూపే కాగితం తీసుకోమనండి. అందులో ఒకవేళ 100 లోపు సెక్షనే ఉంటే రిట్టు అవసరమే రాకపోవచ్చు.

లాయరు తప్పు చెప్పాడని చూపిస్తే సగం పనే అయినట్టు. సరిగ్గా చెప్పి ఉంటే తాను అలా ఒప్పుకునేవాడిని కాదని కూడా రుజువు చేయాలి. ఇప్పుడు వచ్చి చెప్పే మాటకు కోర్టులు పెద్దగా విలువ ఇవ్వవు, అప్పటి సాక్ష్యం కావాలంటాయి. 2017లో జే లీ కేసు దీనికి మంచి ఉదాహరణ. 13 ఏళ్ళ వయసులో దక్షిణ కొరియా నుంచి వచ్చి మెంఫిస్‌లో రెస్టారెంట్ నడుపుకున్న మనిషి. నేరం ఒప్పుకునే ముందు, నన్ను పంపించేస్తారా అని లాయరుని పదే పదే అడిగాడు. లేదన్నాడు లాయరు. కోర్టులో జడ్జి, పంపించేసే అవకాశం నీ నిర్ణయాన్ని మారుస్తుందా అని అడిగితే "మారుస్తుంది" అన్నాడు. ఎలా అని జడ్జి అడిగితే అర్థం కాక లాయరు వైపు తిరిగాడు. అది అందరికీ చెప్పే మామూలు హెచ్చరికేలే అన్నాడు లాయరు. రికార్డులో ఉన్న ఆ నాలుగు మాటలు సుప్రీంకోర్టులో అతన్ని గెలిపించాయి.

అమ్మా, ఇక్కడే మీ సాయం కావాలి. 2013లో ఆ కేసు నడిచిన రోజుల్లో మీ తమ్ముడు మీకు గానీ నాన్నగారికి గానీ మెయిలు రాసి ఉంటాడు, చాట్ చేసి ఉంటాడు. "లాయరు వీసాకి ఏం కాదన్నాడు, అందుకే ఒప్పుకుంటున్నా" అన్న ఒక్క వాక్యం ఆ తేదీతో దొరికితే, ఇవాళ రాసే పది అఫిడవిట్ల కంటే మేలు. పాత మెయిలు ఐడీ పాస్‌వర్డు పోయినా తిరిగి తెచ్చుకునే ప్రయత్నం చేయండి. ఏదైనా దొరికితే అలాగే ఉంచండి, కాపీ చేసి కొత్తగా టైపు చేయకండి, అక్షరం కూడా దిద్దకండి. అప్పటి లాయరుకు అతను రాసిన మెయిళ్ళు ఇంకా ముఖ్యం. కోర్టు విచారణ ఆడియో రికార్డింగులను ఎల్లకాలం దాచి ఉంచరు కాబట్టి, ఉందేమో వెంటనే అడగమనండి.

పిటిషన్‌లో రాయకూడనిది కూడా ఒకటుంది. "నాకు గ్రీన్ కార్డు పోతుంది, పిల్లలు అక్కడే పుట్టారు, దయచూడండి" అన్నదే ప్రధాన వాదన కాకూడదు. జాలి పడి, ఇమిగ్రేషన్ కష్టం తీర్చడానికే పాత శిక్షను కొట్టేస్తే, ఇమిగ్రేషన్ అధికారులు ఆ రద్దును లెక్కలోకి తీసుకోరు. 2003లో పికరింగ్ కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు గీసిన గీత ఇది. అసలు కేసులోనే చట్టపరమైన లోపం ఉందని కొట్టేస్తే శిక్ష లేనట్టే, ఇతర కారణాలతో కొట్టేస్తే ఉన్నట్టే. రికార్డు సీలు చేయించుకునే ఎక్స్‌పంజ్‌మెంట్ కూడా అందుకే ఇక్కడ పనికిరాదు. తీర్పు ఉత్తర్వులో "లాయరు సాయం సరిగా అందలేదు కాబట్టి" అన్న కారణం స్పష్టంగా ఉండాలి. కష్టం గురించి చెప్పొద్దని కాదు, ఈ శిక్ష వల్ల తీవ్రమైన ఇబ్బంది ఉందని చూపించడానికి అది కావాలి. దాని చోటు అంతవరకే.

గెలిస్తే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోండి. కేసు మాయమైపోదు, ఒప్పుకోక ముందు ఉన్న చోటికి వెళ్తుంది. ప్రాసిక్యూటర్ మళ్ళీ నడపొచ్చు. ఇన్నేళ్ళ నాటి కుక్కర్ కేసులో వదిలేయడమో, 100 లోపుకి మార్చడమో జరిగే అవకాశం ఉంది గానీ, హామీ ఎవరూ ఇవ్వలేరు. "గ్యారంటీగా కొట్టేయిస్తా" అన్న లాయరు దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వకండి. లైసెన్సు ఉందో లేదో మేరీల్యాండ్ కోర్టుల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఫీజు ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. క్రిమినల్ లాయరు, ఇమిగ్రేషన్ లాయరు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని పిటిషన్ తయారు చేయాలి. ఒక్కరే రెండూ చూస్తామంటే, ఇలాంటి పిటిషన్లు ఇంతకుముందు వేశారా అని మొహమాటపడకుండా అడగమనండి. ఇంకా ఆలస్యం చేయొద్దు. సమస్య తెలిశాక కూడా చేతులు ముడుచుకు కూర్చున్నాడన్న కారణంతో పిటిషన్ కొట్టేయొచ్చు. ఈలోగా ఏ ఫారంలోనైనా అరెస్టయ్యావా అని అడిగితే, అయ్యానని నిజమే రాయాలి. దాచిపెడితే చిన్న కేసు పెద్ద మోసం కేసవుతుంది.

నాన్నగారి స్నేహితుడి సలహా మంచి మనసుతో చెప్పిందే అయినా కుదరదు. రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద మన హైకోర్టు రిట్లు వేరే దేశపు కోర్టు మీదికి వెళ్ళవు. ఒక కోర్టు రిట్టు ఎంత దూరం వెళ్తుందన్నది మన ప్రాంతం వాళ్ళు కష్టపడి నేర్చుకున్న పాఠమే. పర్లాకిమిడి జమీందారుకు కట్టే శిస్తు విషయంలో రెవెన్యూ బోర్డు ఆదేశం మీద గంజాం జిల్లా రైతులు మద్రాసు హైకోర్టులో సర్షియొరరై రిట్టు, అంటే ఆ ఆదేశాన్ని తెప్పించుకుని కొట్టేసే రిట్టు కోరారు. ఆ హైకోర్టుకు ఈ అధికారం పాత మద్రాసు సుప్రీంకోర్టు నుంచి వచ్చిందే, అది నగరం ఎల్లలు దాటి గంజాం రైతుల దాకా రాదని 1943లో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చేసింది. 1950లో రాజ్యాంగం వచ్చాకే రాష్ట్రమంతటా రిట్లు వేసే హక్కు జనానికి దక్కింది. అది కూడా రాష్ట్రంలోని సివిల్ కోర్టు తీర్పుల మీద పనిచేయదని, వాటికి 227వ అధికరణ దారి వేరే ఉందని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇందాక ఆడిటా క్వెరెలా గురించి ఒక మాట అట్టిపెట్టాను. ఆ రిట్టు పేరు మన దేశంలో వినపడదు గానీ, ఆ పని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 2 చేస్తుంది. డిక్రీ బాకీ కోర్టు బయట తీర్చేస్తే 30 రోజుల్లోగా కోర్టులో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు. కాగితం లేకుండా, పెద్దమనుషుల సమక్షంలో కట్టేసి ఊరుకున్నవాళ్ళు మళ్ళీ కట్టాల్సిన పరిస్థితి మన జిల్లా కోర్టుల్లో కొత్తేమీ కాదు. మీకు అక్కర్లేకపోవచ్చు, చదివేవాళ్ళలో ఎవరికో అక్కర ఉంటుంది.

ఇక పెళ్ళి. ఇది రాయడానికి మనసు ఒప్పడం లేదు గానీ, ఈ పరిస్థితిలో ఇండియా రావద్దనే చెబుతాను. దేశం దాటితే వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్‌కు వెళ్ళాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆ పాత కేసు చూసి ఆపొచ్చు. దొంగతనం శిక్ష, 18 నెలల గరిష్ఠం, ఈ రెండూ రికార్డులో ఉన్నంతకాలం లోపల ఉన్నవాడి కంటే బయట నిలబడి లోపలికి రావాలనేవాడికే ప్రమాదం ఎక్కువ. ఆ ఫైలు చూసిన ఇమిగ్రేషన్ లాయరు "వెళ్ళొచ్చు" అని రాతపూర్వకంగా ఇస్తే తప్ప టికెట్ బుక్ చేయనివ్వకండి. మేనమామ చేతుల మీదుగా జరగాల్సిన తంతు వరసకు మేనమామ అయ్యే ఇంకొకరితో జరిపించండి, వాడు వీడియోలో చూస్తాడు. రాలేకపోతున్నందుకు వాడిని ఎవరూ మాట అనకుండా మీరే అడ్డుపడండి.